ఏ పరికరానికి ఎంత దారి: ఆఫీసు వై-ఫై చూసుకునేవాళ్లకు

కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ ఏ డిగ్రీ కాలేజీకో నర్సింగ్ హోమ్‌కో వెళ్లి, ఇక్కడ వై-ఫై ఎవరు చూస్తారని అడగండి. కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడినో, అకౌంట్స్‌లో కూర్చునే అమ్మాయినో చూపిస్తారు. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఆ పని రాసి ఉండదు. అయినా ప్రింటర్ ఆగినా, సీసీ కెమెరా కనపడకపోయినా, బయోమెట్రిక్ మెషిన్ మొరాయించినా పిలుపు వాళ్లకే వస్తుంది. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసం.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ అయింది, 2018లో మున్సిపాలిటీ కూడా అయింది. 2023లో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆఫీసులు పెరిగేకొద్దీ వాటి చుట్టూ ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు, లాడ్జీలు, ఫైనాన్స్ ఆఫీసులు పెరిగాయి. అన్నిచోట్లా వై-ఫై ఉంది. చాలాచోట్ల దానికి ఒక్కటే పాస్‌వర్డ్. అది అటెండర్‌కీ తెలుసు, నిరుడు చదువు ముగించి వెళ్లిపోయిన పిల్లలకూ తెలుసు.

ఒకే పాస్‌వర్డ్ అంటే ఫీజులు లెక్కగట్టే కంప్యూటర్, కెమెరాల డీవీఆర్, ప్రిన్సిపాల్ గారి ల్యాప్‌టాప్, విద్యార్థి జేబులోని ఫోన్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో కూర్చున్నట్టు. ఒక ఫోన్‌లోకి చేరిన వైరస్‌కు ఫీజు కంప్యూటర్ దాకా అడ్డే ఉండదు. పెద్ద సంస్థలకే ఈ దెబ్బ ఎలా తగిలిందో చూశాం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్‌కు చిక్కాయి. ఓపీ రిజిస్ట్రేషన్లు, ల్యాబ్ రిపోర్టులు రోజుల తరబడి కాగితం మీదే నడిచాయి. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయనీ, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తెరవడానికి వీల్లేకుండా పోయిందనీ, నెట్‌వర్క్‌ను సరిగా విభజించుకోకపోవడమే ఇందుకు కారణమనీ కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. మీ కాలేజీకి ఎయిమ్స్ అంత నెట్‌వర్క్ లేదు. విడదీయడం మాత్రం అక్కడికంటే మీ దగ్గరే తేలిక.

విడదీయాలి అనగానే చాలామంది చేసే పని, వై-ఫై పేర్లు పెంచడం. స్టాఫ్‌కొకటి, స్టూడెంట్స్‌కొకటి, ఆఫీసుకొకటి, గెస్ట్‌కొకటి, కెమెరాలకొకటి. ప్రతి పేరునూ ప్రతి యాక్సెస్ పాయింట్ సెకనుకు దాదాపు పదిసార్లు, అదీ నెమ్మదైన వేగంతో, గాలిలో చాటుతూ ఉంటుంది. పేర్లు పెరిగేకొద్దీ అసలు పనికి మిగిలే సమయం తగ్గుతుంది, 'నెట్ స్లోగా వస్తుంది సార్' అనే ఫిర్యాదు మొదలవుతుంది. మూడు పేర్లతో సరిపెట్టుకోండి. విభజనను లోపల, రోల్ ద్వారా చేయండి.

రోల్ అంటే, లోపలికి వచ్చిన పరికరం ఎక్కడెక్కడికి వెళ్లొచ్చు, ఎంత వేగం వాడుకోవచ్చు, ఎవరితో మాట్లాడకూడదు అని రాసుకున్న కట్టడి. రోల్ ఇచ్చే ముందు ఆ పరికరం ఏమిటో కనిపెట్టాలి. అందుకు ఉన్న ముఖ్యమైన ఆనవాళ్లు నాలుగు.

మొదటిది మ్యాక్ అడ్రస్. పన్నెండు అంకెలు, అక్షరాలు. మొదటి ఆరూ తయారీ కంపెనీని పట్టిస్తాయి, ఎందుకంటే వాటిని కంపెనీలకు కేటాయించేది ఐఈఈఈ సంస్థ. ప్రింటర్ కంపెనీ, కెమెరా కంపెనీ, ఫోన్ కంపెనీ ఇక్కడే తెలిసిపోతుంది. రెండోది, పరికరం ఐపీ అడ్రస్ అడిగేటప్పుడు పంపే డీహెచ్‌సీపీ చీటీ. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆనవాలు ఇదే. ఒకసారి మీ రౌటర్‌లో డీహెచ్‌సీపీ లాగ్ తెరిచి తీరిగ్గా చదవండి. ఆప్షన్ 60 దగ్గర విండోస్ ల్యాప్‌టాప్ 'ఎంఎస్ఎఫ్‌టీ 5.0' అని చెప్పుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ 'ఆండ్రాయిడ్-డీహెచ్‌సీపీ' అని, పక్కన తన వర్షన్ నంబరు వేసుకుని వస్తుంది. ఆప్షన్ 55లో తనకు ఏయే వివరాలు కావాలో వరుసగా అడుగుతుంది: 1 అంటే సబ్‌నెట్ మాస్క్, 3 అంటే గేట్‌వే, 6 అంటే డీఎన్ఎస్. విండోస్ 10 అడిగే వరుస 1, 3, 6, 15, 31, 33, 43 అంటూ సాగి 249, 252 దగ్గర ఆగుతుంది. ఆ 249 మైక్రోసాఫ్ట్ తన సొంతానికి వాడుకునే నంబరు. ఏ ఆప్షన్లు అడిగింది, ఏ వరుసలో అడిగింది అనేదే ఆ పరికరపు వేలిముద్ర. కొన్ని వారాలు ఈ లాగ్ చూస్తే, ఏది ఫోనో ఏది ప్రింటరో సాఫ్ట్‌వేర్ చెప్పకముందే మీకే తెలిసిపోతుంది.

మూడోది ఆప్షన్ 12లో వచ్చే పరికరం పేరు. నాలుగోది బ్రౌజర్ తన గురించి చెప్పుకునే వాక్యం. ఈ రెండూ బలహీనమైనవి. పేరు ఎవరైనా మార్చుకోవచ్చు. బ్రౌజర్ మాట వినాలంటే ముందు ఏదో ఒక పేజీ తెరవాలి.

అసలు విషయం ఇక్కడుంది. ఈ ఆనవాళ్లన్నీ పరికరం తన గురించి తాను చెప్పుకున్న మాటలు. వాటికి సాక్ష్యం లేదు. మ్యాక్ అడ్రస్ మార్చడం ఇంటర్ పిల్లాడికి ఐదు నిమిషాల పని. ప్రింటర్ మీద స్టిక్కర్‌లో ఉన్న మ్యాక్ చూసి తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకుంటే, మీ నెట్‌వర్క్ దాన్ని ప్రింటర్ అనే నమ్ముతుంది. ఆర్టీసీ బస్సులో కండక్టర్ విద్యార్థి యూనిఫాం చూసి రాయితీ ఇవ్వడు, పాస్ చూపించమంటాడు. ఆనవాళ్లు యూనిఫాం లాంటివి. పాస్ అంటే సర్టిఫికెట్, లేదా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఇది: ఆనవాళ్లను చూసి హక్కు తగ్గించండి, వాటిని చూసి హక్కు పెంచకండి. 'ఇది కెమెరాలా ఉంది, కాబట్టి డీవీఆర్ తప్ప ఇంకెక్కడికీ వెళ్లకూడదు' అనే రూల్ మంచిది. అబద్ధం చెప్పి కెమెరాగా వచ్చినవాడికి అంతకు మించి దక్కేది ఏమీ లేదు. 'ఇది ప్రిన్సిపాల్ ల్యాప్‌టాప్ మ్యాక్, కాబట్టి ఫీజు సర్వర్‌లోకి పంపు' అనే రూల్ ప్రమాదం. మన వైపు చాలాచోట్ల 'మ్యాక్ ఫిల్టర్ పెట్టాం, సేఫ్' అనే మాట వింటూ ఉంటాను. ఆ భరోసా వల్ల మిగతా జాగ్రత్తలు తీసుకోవడం మానేస్తున్నారు.

మ్యాక్ మీద ఆధారపడకూడదనడానికి ఇంకో కారణం, ఇప్పటి ఫోన్లు దాన్ని దాస్తాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్ ఒక్కో వై-ఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపిస్తుంది. గుర్తుపట్టడం సులువే: రెండో స్థానంలో 2, 6, ఏ (A), ఈ (E) అనే నాలుగింటిలో ఏది ఉన్నా సాధారణంగా అది కల్పితం. దీన్ని అడ్డంకిగా కాక సాయంగా వాడుకోండి. కల్పిత మ్యాక్‌తో వచ్చినది దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరి సొంత పరికరమే, ఆఫీసు ప్రింటరో కెమెరానో కాదు. అలాంటివన్నీ సొంత ఫోన్ల రోల్‌లోకి పంపే ఒక్క రూల్‌తో సగం పని తేలిపోతుంది. ఆ కల్పిత మ్యాక్ (ప్రైవేట్ అడ్రస్) ఆఫ్ చేసుకుని రండని స్టాఫ్ ఫోన్లు లాక్కోవద్దు. అది వాళ్ల గోప్యత కోసం ఉన్న సౌకర్యం.

ఒక కాలేజీని ఊహించుకుని రోల్స్ రాసి చూద్దాం. అకౌంట్స్, ప్రిన్సిపాల్, ఎగ్జామ్ బ్రాంచ్ ల్యాప్‌టాప్‌లు: సర్వర్, ప్రింటర్, ఇంటర్నెట్ మూడూ కావాలి. లెక్చరర్ల సొంత ఫోన్లు: ఇంటర్నెట్ చాలు. విద్యార్థులు: ఇంటర్నెట్, వేగానికి హద్దు, ఒకరి ఫోన్ ఇంకొకరి ఫోన్‌కు కనపడకుండా ఐసొలేషన్. ప్రింటర్లు ఆఫీసు నుంచి వచ్చే పని తీసుకోవాలి, తమంతట తాము బయటికి పోకూడదు. బయోమెట్రిక్ మెషిన్‌కు దాని సర్వర్, గడియారం సరిచూసుకునే చోటు తప్ప ఏదీ అక్కర్లేదు. కెమెరాల విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షలకొద్దీ వశం చేసుకుంది. వాటితోనే అక్టోబరు 21న డైన్ అనే కంపెనీ మీద దాడి చేయడంతో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. కెమెరాకు డీవీఆర్ ఒక్కటే కనపడాలి.

ఇక ఎవరికీ అర్థంకాని పరికరానికి ఏ రోల్? ఇది మీరు తీసుకునే అన్నిటికంటే పెద్ద నిర్ణయం. డిఫాల్ట్ రోల్‌ను ఎప్పుడూ అన్నిటికంటే చిన్నదిగా పెట్టండి: మామూలు వెబ్ పేజీలు, తక్కువ వేగం, లోపలి నెట్‌వర్క్ అసలే కనపడకూడదు. పూర్తిగా ఆపేస్తే ఏమవుతుందో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు. పావుగంటలో 'అన్నా, నెట్ వస్తలేదు' అని నలుగురు వస్తారు, ఒత్తిడికి మీరు అన్నీ తెరిచేస్తారు. కొంచెం ఇచ్చి పెడితే నిదానంగా చూసి సరిచేయొచ్చు.

రూల్స్ రాసే వరుస కూడా చూసుకోవాలి. చాలా వై-ఫై కంట్రోలర్లు పైనుంచి చదువుతూ మొదట సరిపోయిన రూల్ దగ్గరే ఆగుతాయి. కాబట్టి ఖచ్చితమైనవి పైన, విస్తారమైనవి కింద. అరూబా కంట్రోలర్ మీద పనిచేసేవాళ్లు ఇంకో వరుస నేర్చుకోవాలి. ముందు ఏఏఏ ప్రొఫైల్‌లోని ఇనిషియల్ రోల్ వస్తుంది. తరువాత మ్యాక్ లాంటి గుణాన్ని చూసి యూజర్ డెరివేషన్ రూల్ ఇచ్చే రోల్. ఇది లాగిన్‌కు ముందే జరుగుతుంది. లాగిన్ అయ్యాక ఆ పద్ధతికి పెట్టిన డిఫాల్ట్ రోల్. దానిమీద, లాగిన్‌ను సరిచూసే రేడియస్ సర్వర్ పంపిన వివరాలను బట్టి వచ్చే సర్వర్ డెరివేషన్ రోల్. సర్వరే 'అరూబా-యూజర్-రోల్' అని సూటిగా ఒక రోల్ పంపితే అది మిగతావాటిని దాటేస్తుంది.

ఈ వరుసలో ఒక చిక్కు దాగి ఉంది. లెక్చరర్ తన యూజర్‌నేమ్‌తో ఫోన్ నుంచి వచ్చారు. ఫోన్ కదా అని కంట్రోలర్ మొదట చిన్న రోల్ ఇచ్చింది. లాగిన్ కాగానే రేడియస్ సర్వర్ ఆ పేరు చూసి స్టాఫ్ రోల్ పంపింది. ఫోన్ ఫీజు సర్వర్ దాకా వెళ్లిపోయింది. తగ్గించాలనుకున్నది పెరిగింది. మనిషినీ పరికరాన్నీ కలిపి చూసే నిర్ణయం ఒకేచోట, రేడియస్ దగ్గరే జరగాలి. అయితే రేడియస్‌కు మామూలుగా మ్యాక్ తప్ప డీహెచ్‌సీపీ చీటీ అందదు. క్లియర్‌పాస్, ప్యాకెట్‌ఫెన్స్ లాంటి సాఫ్ట్‌వేర్లకు స్విచ్ నుంచి ఆ చీటీ నకలు పంపే ఏర్పాటు చేయాలి.

అంత ఏర్పాటు లేనిచోట ఒక సులువైన దారి ఉంది, చిన్న సంస్థలకు నేను సిఫారసు చేసేది అదే. ఆఫీసు కొన్న ల్యాప్‌టాప్‌లలో సర్టిఫికెట్ వేయండి, అవి ఈఏపీ-టీఎల్ఎస్ పద్ధతిలో వస్తాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పీఈఏపీ పద్ధతిలో వచ్చేవన్నీ సొంత పరికరాలే అని తేల్చేయండి. ఏ పద్ధతిలో వచ్చిందనేదే రోల్‌ను నిర్ణయిస్తుంది. వేలిముద్రలు చదవాల్సిన పని లేదు, మోసానికి చోటు తక్కువ. సర్టిఫికెట్ గడువు తేదీ మాత్రం గోడ క్యాలెండర్‌లో నెల ముందే రాసి పెట్టుకోండి. ఒకేరోజు అందరి ల్యాప్‌టాప్‌లూ ఆగిపోవడం మీరు చూడకూడని దృశ్యం.

డీహెచ్‌సీపీ ఆనవాళ్లు వాడేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ చీటీ వచ్చేది పరికరం వై-ఫైకి అతుక్కున్న తరువాత. మ్యాక్, వై-ఫై పేరు మాత్రం అతుక్కునే క్షణానికే తెలుస్తాయి. చీటీ చూసి అప్పుడు వీల్యాన్ (లోపల విడదీసిన ఉప నెట్‌వర్క్) మారిస్తే పరికరం పాత ఐపీ అడ్రస్ పట్టుకుని కొత్త వీల్యాన్‌లో నిలబడుతుంది. సిగ్నల్ నిండుగా కనపడుతుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. ఈ ఒక్క తప్పు పట్టుకోవడానికి రోజులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చీటీని బట్టి ఫైర్‌వాల్ రోల్ మాత్రమే మార్చండి, వీల్యాన్‌ను కదపకండి. ఒమాడా, యూనిఫై లాంటివి వాడేచోట రేడియస్ నుంచి వీల్యాన్ పంపుతారు. అప్పుడు టన్నెల్-టైప్ 13, టన్నెల్-మీడియం-టైప్ 6, టన్నెల్-ప్రైవేట్-గ్రూప్-ఐడీలో వీల్యాన్ నంబరు, ఈ మూడూ కలిసి వెళ్లాలి. ఒకటి మరిచిపోయినా పరికరం డిఫాల్ట్ వీల్యాన్‌లోకి జారిపోవచ్చు.

కామారెడ్డిలో మెయిన్, ఎల్లారెడ్డిలో బ్రాంచ్ ఉన్న సంస్థలు కొన్ని ఉన్నాయి. రేడియస్ సర్వర్ కామారెడ్డిలో ఉంటుంది. లింగంపేట మీదుగా వెళ్లే లైన్ ఎక్కడో తెగిందంటే ఎల్లారెడ్డిలో లాగిన్ అడిగినా జవాబిచ్చేవాళ్లు ఉండరు. 2025 ఆగస్టు చివర్లో కుండపోత వానలకు ఈ జిల్లాలో రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అలాంటి రోజున బండి మీద బ్రాంచ్‌కు వెళ్లి సరిచేయడం కుదరదు. ఎల్లారెడ్డిలో ఒక చిన్న కంప్యూటర్ మీద ఫ్రీరేడియస్ రెండో కాపీ పెట్టండి, దానికి యూపీఎస్ ఇవ్వండి. అదీ కుదరకపోతే, సర్వర్ అందనప్పుడు ఏ రోల్ ఇవ్వాలో ముందే రాసి పెట్టండి. ఆస్పత్రి అయితే ఆ రోల్‌లో ల్యాబ్ రిపోర్టుల సర్వర్ అక్కడికక్కడే అందాలి. ఆ నిర్ణయం డాక్టర్లతో కూర్చుని తీసుకోవాల్సింది, మీరొక్కరే చేసేది కాదు.

అమలు ఒక్కరోజులో చేయకండి. మొదటి రెండు వారాలు రూల్స్ పెట్టి, ఎవరినీ ఆపకుండా, ఏ పరికరానికి ఏ రోల్ వచ్చేదో లాగ్‌లో మాత్రం చూడండి. ప్రింటర్ అనుకున్నది స్మార్ట్ టీవీ కావచ్చు. ఆపరేషన్ థియేటర్ పక్కన ఉన్న మానిటర్ తనను తాను విండోస్ అని చెప్పుకోవచ్చు, ఎందుకంటే లోపల ఉన్నది విండోసే. తరువాత ఒక్కో విభాగం చొప్పున, అల్లరి తక్కువగా ఉండే లైబ్రరీ నుంచి మొదలుపెట్టి, ఎగ్జామ్ బ్రాంచ్‌ను చివరికి ఉంచండి. పరీక్షల నెలలో కొత్త రూల్ పెట్టవద్దు. ఏదన్నా తేడా వస్తే వెనక్కి తిరగడానికి పాత కాన్ఫిగరేషన్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

చట్టం సంగతి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి, గడియారాలు సరైన సమయానికి కలిపి ఉంచాలి, సైబర్ దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. రౌటర్‌లో సమయం తప్పుగా ఉంటే ఆ లాగ్ ఎందుకూ పనికిరాదు, ఈరోజే చూసుకోండి. ఇక 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్దేశం ప్రకారం ఎవరి సమాచారాన్నయినా అవసరానికి మించి పోగుచేయకూడదు. ఇది కాగితం మీది మాటగా తీసుకోవద్దు. కొన్ని ఫోన్లు ఆప్షన్ 12లో యజమాని పేరునే పంపుతాయి. ఏ అమ్మాయి ఏ గంటకు ఏ గది దగ్గర ఉందో మీ లాగ్ చెబుతుంది. 'ఫలానా పాప హాస్టల్‌లో ఉందా చూడు తమ్మీ' అని ఎవరన్నా చనువుగా అడగొచ్చు. రాతపూర్వకంగా ప్రిన్సిపాల్ అనుమతి లేనిదే ఆ లాగ్ ఎవరికీ చూపించకండి, అడిగింది ఎంత పెద్దవారైనా. పిల్లలు మన నెట్‌వర్క్‌లోకి నమ్మి వచ్చారు.

నేర్చుకోవడానికి ఖర్చు తక్కువే. ఒక పాత డెస్క్‌టాప్ మీద ఫ్రీరేడియస్ ఉచితంగా పెట్టుకోవచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కే సెకండ్ హ్యాండ్ రౌటర్ ఒకటి, రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఉంటే ఇంట్లోనే పై పనుల్లో చాలావరకు చేసి చూడొచ్చు. వైర్‌షార్క్‌లో డీహెచ్‌సీపీ చీటీని కళ్లారా చూడండి. సీసీఎన్ఏ, అరూబా సర్టిఫికెట్లు మంచివే, కానీ చేత్తో ఒకసారి చేసి చూశాకే పరీక్షకు ఫీజు కట్టండి.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్తే 'రోల్ ఎలా ఇస్తారు' అని అడుగుతారు. మెనూలో ఎక్కడ నొక్కాలో చెప్పకండి, అది వాళ్లకూ తెలుసు. రోల్‌కు ఆధారమైన గుణం ఎప్పుడు తెలుస్తుంది, దాన్ని ఎవరు మార్చగలరు, సర్వర్ అందకపోతే ఏమవుతుంది, తెలియని పరికరానికి ఏమిస్తారు: ఈ నాలుగూ మీ సొంత కాలేజీ ఉదాహరణతో చెప్పండి. దానితో పాటు మీరు తయారుచేసిన రోల్స్ పట్టిక ఒక పేజీలో, పాస్‌వర్డ్‌లు, ఐపీ అడ్రస్‌లు, సంస్థ పేరు తీసేసి, ఫైల్‌లో పెట్టుకుని వెళ్లండి.

ఉద్యోగం వచ్చి ఊరు వదిలే ముందు ఇంకో పేజీ రాయాలి. ఏ రూల్ ఎందుకు పెట్టారో ఒక్కో వాక్యం, సర్టిఫికెట్ గడువు తేదీలు, ఎల్లారెడ్డి బ్రాంచ్‌లో సర్వర్ ఏ బీరువాలో ఉందో, అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్న సీల్డ్ కవర్ ఎవరి దగ్గరుందో. తరువాత వచ్చే వ్యక్తిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక కొత్త ప్రింటర్‌ను వాళ్ల చేతే చేర్పించండి. మీ పేరుమీద ఉన్న అడ్మిన్ ఖాతాను వాళ్ల ముందే మూసేయండి.